పెద్ద టెలిఫోటో లెన్స్ ఎప్పుడు కొనాలి, ఎక్కడ కొనాలి? బరంపురం వైపు మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నాది ఒడిశాలోని బరంపురం. పెళ్ళిళ్ళ ఫోటోలు నా బతుకుతెరువు, చిలికా సరస్సు పక్షులు నా ఇష్టం. ఏటా వానలు సగం పడేసరికి ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఛత్రపురం వైపు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పెద్ద లెన్స్ కొందామనుకుంటున్నా, ఇప్పుడే తీసుకోనా, ఆగనా? వైజాగ్ వెళ్ళనా, భువనేశ్వర్ వెళ్ళనా, ఆన్‌లైన్లో పెట్టనా?" అని. లక్షన్నర, రెండు లక్షలు ఒక్కసారిగా పెట్టే వస్తువు కాబట్టి టెన్షన్ ఉండడం సహజం. ఫోన్లో హడావుడిగా చెప్పిన జవాబులు నాకే సరిపోయినట్టు అనిపించలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాశాను.

అసలు నాకు అంత పెద్ద లెన్స్ అవసరమా?

దీన్ని తేల్చడానికి ఎవరినీ అడగక్కర్లేదు, మీ దగ్గరున్న ఫోటోలే చెప్తాయి. చాలామంది దగ్గర కిట్‌తో వచ్చిన 70-300 లాంటి లెన్స్ ఉంటుంది (ఈ అంకెలు లెన్స్ ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో; అంకె పెద్దదయ్యేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది). దాంతో 300 దగ్గర తీసిన పక్షి ఫోటోలు ఒక యాభై తెరవండి. పక్షి బాగా కనపడాలంటే ఫోటోని చుట్టూ ఎంత కత్తిరించాల్సి (క్రాప్ చేయాల్సి) వస్తోందో చూడండి. 24 మెగాపిక్సెల్ ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్ళు. మీ క్రాప్ 3000 దగ్గర ఆగుతుంటే మీకు రెట్టింపు దూరం కావాలి, అంటే 600. ఆ లెన్స్ మీకు నిజంగా పనికొస్తుంది. క్రాప్ 1500కి పడిపోతుంటే మీకు కావాల్సింది 1200 ఎం.ఎం. అలాంటప్పుడు 600 కొన్నా తృప్తి ఉండదు. పక్షికి దగ్గరగా వెళ్ళే చోటు, వేళ వెతుక్కోవాలి.

మన వైపు ఆ చోట్లు ఉన్నాయి. జాతీయ రహదారి 16 మీద టాంగి దగ్గర దిగి చిలికా ఒడ్డున ఉన్న మంగళాజోడి వెళ్తే, ఇంజన్ లేని నాటు పడవలో గెడ వేసుకుంటూ తీసుకెళ్తారు. ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన ఊరివాళ్ళే ఇప్పుడు వాటిని కాపాడుతున్నారు. పడవ నడిపే పెద్దాయన "ధీరే, ధీరే" అంటూ గెడ ఆపేస్తే నీలి బొల్లికోడి ఇరవై అడుగుల దూరంలో తామర కాడ పీకుతూ కనిపిస్తుంది. అక్కడ 400 చాలు, ఒక్కోసారి అదే ఎక్కువవుతుంది. రంభ, బాలుగావ్ వైపు విశాలమైన నీళ్ళలో మాత్రం 600 కూడా చిన్నబోతుంది. భేట్నోయి పొలాల్లో కృష్ణజింకలకి, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద వాలే గూడబాతులకి, ఎర్రకాళ్ళ కొంగలకి 500, 600 హాయిగా సరిపోతాయి.

కెమెరా సెన్సర్ కూడా లెక్కలోకి వస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న నికాన్, సోనీ బాడీలమీద 400 లెన్స్ 600లా కనిపిస్తుంది, కెనాన్ మీద 640లా.

ఈ బడ్జెట్‌లో జనం నిజంగా కొనేవి ఏవి?

నికాన్ జెడ్ వాళ్ళకి 180-600, సోనీ వాళ్ళకి 200-600, కెనాన్ ఆర్ వాళ్ళకి 100-500 లేదా 200-800. సోనీకైతే సిగ్మా 150-600 స్పోర్ట్స్, టామ్రాన్ 150-500 కూడా ఉన్నాయి. ఆ టామ్రాన్ నికాన్ జెడ్‌కీ దొరుకుతుంది. ఎక్కువ వెలుతురు తీసుకునే ఎఫ్ 4, 600 ఎం.ఎం. ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు పది లక్షలు దాటిన మాట, వాటి సంగతి ఇక్కడ ఎత్తను.

బరువు గురించి ముందే అనుకోండి. కాలర్ (ట్రైపాడ్‌కి బిగించే పట్టీ) లేకుండా నికాన్ 180-600 సుమారు 1,955 గ్రాములు, కాలు తీసేస్తే సోనీ 200-600 సుమారు 2,115 గ్రాములు, కాలర్ తీస్తే కెనాన్ 100-500 సుమారు 1,370 గ్రాములు. కాగితం మీద ఏడొందల గ్రాముల తేడానే. పడవలో మూడు గంటలు చేతుల్లో పట్టుకున్నాక ఆ తేడా ఏమిటో భుజం చెప్తుంది. ఇంకొక సంగతి: నికాన్ 180-600, సోనీ 200-600 జూమ్ చేసినా పొడుగు మారవు. మిగతావి జూమ్ చేస్తే బయటికి సాగుతాయి. గోపాల్‌పూర్ ఇసుక, ఉప్పు గాలి మధ్య తిరిగేవాళ్ళకి సాగని లెన్స్ నాకు నచ్చుతుంది.

పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాడుతున్నవాళ్ళు, మన పెళ్ళి ఫోటోగ్రాఫర్లలో ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు, 2015లో వచ్చిన నికాన్ 200-500, సిగ్మా 150-600 కంటెంపరరీ, 2016 నాటి టామ్రాన్ 150-600 జీ2 చూడండి. రేపు మిర్రర్‌లెస్ (ఆ అద్దం లేని కొత్త తరహా కెమెరా) తీసుకున్నా ఎడాప్టర్ పెట్టి నికాన్ 200-500 వాడుకోవచ్చు.

సంవత్సరంలో ఏ నెలలో కొనడం మంచిది?

నా జవాబు సూటిగా చెప్తాను: వినాయక చవితికి నిర్ణయం అయిపోవాలి, దసరాకి లెన్స్ ఇంట్లో ఉండాలి.

మన దగ్గర ఈ లెన్స్‌కి పని ఉండేది శీతాకాలంలోనే. చిలికాకి వలస పక్షులు అక్టోబరు, నవంబరుల్లో రావడం మొదలుపెట్టి డిసెంబరు, జనవరిలో నిండుగా ఉంటాయి. ఏటా పక్షుల లెక్కింపు కూడా జనవరిలోనే చేస్తారు. ఫిబ్రవరి చివరికి పల్చబడతాయి, మార్చికి చాలావరకు వెళ్ళిపోతాయి. అంటే మనకి దక్కేది నాలుగు నెలలు. అందులో మంచు పట్టిన ఆదివారాలు, పెళ్ళి బుకింగులు ఉన్న ఆదివారాలు తీసేస్తే ఎన్ని మిగులుతాయో మీ డైరీ తెరిచి చూసుకోండి. నాకు పోయిన సీజన్‌లో తొమ్మిది మిగిలాయి.

కొత్త లెన్స్ చేతికి అలవాటు కావడానికి కనీసం నెల పడుతుంది. 600 దగ్గర ఎగిరే పక్షిని ఫ్రేములోకి తెచ్చుకోవడమే మొదట్లో కష్టం. ఆకాశం అంతా ఖాళీగా కనపడుతుంది, పక్షి ఎక్కడుందో తెలియదు. అందుకే ముందు నెల మేడమీద నించుని కాకులు, పావురాలు, చెరువు గట్టున గరుడ గద్దలు తీస్తూ చేయి తిప్పుకోవాలి. డిసెంబరు 25న కొని 26న చిలికా వెళ్ళినవాళ్ళు తెచ్చిన ఫోటోలు నేను చాలా చూశాను. సగం ఫోటోల్లో తోకలే ఉంటాయి.

ఇక అక్టోబరంటే మనకి తుపాన్ల నెల. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. తిత్లీ పలాస వైపు వచ్చింది 2018 అక్టోబరు 11న. పండగ సేల్ కూడా సరిగ్గా అప్పుడే. వాయుగుండం అన్న మాట వినపడ్డ వారంలో రెండు లక్షల వస్తువు కొరియర్ గోడౌన్‌లో ఉండకూడదు. ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. నాలుగు రోజులు ఆగితే నష్టం లేదు.

సంక్రాంతి దాటిపోయాక కొనాలనిపిస్తే? ఆగమంటాను. మార్చి నుంచి ఆ లెన్స్ బీరువాలో పడుకుంటుంది, వారంటీ నడుస్తుంటుంది, వానాకాలం తేమ దాన్ని పట్టుకుంటుంది. క్రికెట్ టోర్నమెంట్లు, కృష్ణజింకలు తీసేవాళ్ళు దీనికి మినహాయింపు, వాళ్ళకి ఏడాది పొడుగునా పనే. సెకండ్ హ్యాండ్ వెతికేవాళ్ళకి కూడా ఈ మాట తిరగబడుతుంది. నేను చూసినంతలో మంచి వాడిన లెన్సులు మార్చి, ఏప్రిల్‌లోనే అమ్మకానికి వస్తాయి. సీజన్ అంతా వాడి, మోయలేక, లేదా డబ్బు అవసరపడి అమ్మేవాళ్ళు అప్పుడే బయటపడతారు.

పెళ్ళి ఫోటోగ్రాఫర్లం కదా, డబ్బు చేతికి వచ్చేది వైశాఖం, జ్యేష్ఠంలో. అప్పుడు కొనకూడదా?

ఈ ప్రశ్న వేసినవాళ్ళ బాధ నాకు తెలుసు. ఆషాఢం వచ్చేసరికి బుకింగులు ఉండవు, చేతిలో ఉన్నది కరిగిపోతుంది. అందుకే నేను చేసిన పని చెప్తాను. జ్యేష్ఠంలో వచ్చిన బాలెన్సులన్నీ కలిపి మూడు నెలలకి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాను. దసరా ముందు మెచ్యూర్ అయింది. వడ్డీ పెద్దగా ఏమీ రాదు, కానీ డబ్బు కదలకుండా ఉంటుంది. ఆల్బం ప్రింటింగ్ వాళ్ళకి ఇవ్వాల్సినవి, అసిస్టెంట్ల జీతాలు ముందే పక్కన పెట్టి మిగిలిందే వేయండి.

దసరా, దీపావళి సేల్‌లో నిజంగా తగ్గుతుందా?

తగ్గుతుంది, కానీ బ్యానర్ మీద రాసినంత కాదు. ఎంఆర్‌పీ మీద తగ్గింపు చూపిస్తారు. ఆ ఎంఆర్‌పీకి మామూలు రోజుల్లో కూడా ఎవరూ కొనరు. అందుకని జూలై నుంచే వారానికొకసారి మీకు కావాల్సిన లెన్స్ ధర ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: తేదీ, అమ్మేవాడు, ధర. పది వారాలు రాస్తే సేల్ రోజున మీ అంకె మీ దగ్గర ఉంటుంది. అసలు లాభం ఎక్కువగా బ్యాంకు కార్డు ఆఫర్లలోనూ, కంపెనీలే అప్పుడప్పుడూ ఇచ్చే ధర తగ్గింపులోనూ ఉంటుంది. కంపెనీ తగ్గించిన ధర చాలాసార్లు షాపులోనూ అదే ఉంటుంది. కాబట్టి సేల్ రోజు ఉదయం ఒక ఫోన్ చేసి షాపులో కూడా అడగండి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేనట్టేనా?

వడ్డీ ఉంటుంది. దాన్ని ధరలో డిస్కౌంటుగా చూపిస్తారు. అసలు సున్నా వడ్డీ అనే మాటే సరికాదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి చెప్పింది. లెక్క చూడండి. లెన్స్ ధర 1,50,000, 12 నెలలు, నెలకి 12,500. కార్డు వడ్డీ 15 శాతం అనుకుంటే అందులో వడ్డీ భాగం సుమారు 11,500 అవుతుంది. అది డిస్కౌంటుగా సర్దేస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, సుమారు 2,070 రూపాయలు, మీ కార్డు మీదే పడుతుంది. పైన ప్రాసెసింగ్ ఫీజు. అంటే రెండు వేల పైచిలుకు ఖర్చుకి ఏడాది గడువు. అది తప్పు బేరం కాదు. తెలిసి చేయండి, అంతే. ఒకవేళ ఒకేసారి కట్టేవాళ్ళకి వేరే కార్డు ఆఫర్ ఉండి, నో కాస్ట్ ఎంచుకుంటే అది పోతుందేమో చూసుకోండి. అసలు ఖర్చు అక్కడ దాగి ఉంటుంది.

బరంపురంలోనే కొనవచ్చా, బయటికి వెళ్ళాలా?

బరంపురం షాపుల్లో ఇలాంటి లెన్స్ అద్దాల బీరువాలో పెట్టి ఉండదు. ఆర్డరిస్తే తెప్పిస్తారు. తెప్పించినది వద్దనడం కష్టం. అయితే ఒక మేలుంది: ఏదైనా తేడా వస్తే మీరు నడిచి వెళ్ళి అడగగలిగే మనిషి అక్కడ కూర్చుని ఉంటాడు. ఆయనకి మీ నాన్నగారు తెలుసు, మీకు ఆయన కొడుకు తెలుసు. ఆ షాపు ఆ కంపెనీకి అధీకృత డీలరేనా అన్నది మాత్రం కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. మొహమాటపడి ఈ ఒక్కటీ వదిలేయకండి.

భువనేశ్వర్ రైల్లో రెండున్నర, మూడు గంటలు. విశాఖపట్నం నాలుగైదు గంటలు. ధర రెండు చోట్లా పెద్ద తేడా ఉండదు. భువనేశ్వర్ దగ్గర, పైగా ఒడిశాలోనే కాబట్టి జీఎస్టీ బిల్లుకి తలనొప్పి లేదు. విశాఖలో మన తెలుగులో బేరమాడుకోవచ్చు, బంధువుల ఇల్లుంటే రాత్రి ఉండి రెండోరోజు మళ్ళీ వెళ్ళి చూసుకోవచ్చు. నాకు రెండోసారి చూడడం అన్నది చాలా విలువైన సంగతి. మొదటిరోజు షాపులో కళ్ళు లెన్స్ మీదుంటాయి, రెండోరోజే చేతికి బరువు తెలుస్తుంది. మీ సొంత బాడీ, మెమరీ కార్డు తీసుకెళ్ళి, షాపు గుమ్మంలోంచి రోడ్డు అవతల బోర్డులు ఫోటో తీయండి. ఇంటికొచ్చి చూసుకోండి. మర్నాడు చెప్పండి.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాదూ వెళ్ళొచ్చు, హౌరా కూడా వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లో అన్ని కంపెనీల లెన్సులూ ఒకేరోజు పక్కపక్కన పట్టి చూడొచ్చు, ఏది తీసుకోవాలో తేలనివాళ్ళకి ఆ ప్రయాణం దండగ కాదు. కోల్‌కతా మెట్రో గలీ కెమెరా షాపులకి పేరున్న చోటే. అక్కడ ఒక్కోసారి ధర బాగా తక్కువ చెప్తారు. తక్కువ చెప్పినప్పుడల్లా అడగాల్సింది ఒకటే: "ఇండియా వారంటీతోనా? జీఎస్టీ బిల్లుతోనా?" రెండింటికీ అవునంటేనే అది ధర. లేకపోతే అది వేరే వస్తువు.

నేనైతే ఎక్కడ కొంటానంటే, రెండు వేలు ఎక్కువైనా సరే, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రాగలిగిన దూరంలో కొంటాను. ఈ లెన్స్ ఎనిమిదేళ్ళు, పదేళ్ళు వాడతాం. ఆ ఏళ్ళలో కనీసం రెండుసార్లు దాన్ని పట్టుకుని ఎవరో ఒకరి దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది. కొనేముందే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మనకి దగ్గరగా ఎక్కడుందో చూసుకోండి. రెండు కంపెనీల మధ్య ఊగిసలాడుతున్నవాళ్ళకి ఒక్కోసారి ఈ ఒక్క విషయమే తేల్చేస్తుంది.

ఆన్‌లైన్లో కొంటే భయమా?

భయపడక్కర్లేదు, జాగ్రత్త పడాలి. పేజీ పెద్ద సైట్‌దే అయినా అమ్మేవాడు వేరే ఉంటాడు. ఆ పేరు చూడండి. కంపెనీ డీలర్ల జాబితాలో లేని పేరైతే వదిలేయండి. ఓపెన్ బాక్స్ డెలివరీ (మీ ముందే డబ్బా తెరిచి చూపించి ఇవ్వడం) ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే డబ్బా మీద అడ్రసు లేబుల్ నుంచి మొదలుపెట్టి లెన్స్ మీది సీరియల్ నంబర్ దాకా ఒకే వీడియో, మధ్యలో ఆపకుండా తీయండి. డబ్బా మీద, లెన్స్ మీద, బిల్లు మీద నంబరు ఒకటే ఉండాలి. వాపసు గడువు ఎన్ని రోజులో, వాపసు తీసుకుంటారా, మార్చి ఇస్తారా అన్నది ముందే చదవండి. మంగళవారం వచ్చిన లెన్స్‌ని ఆదివారం దాకా తెరవకుండా ఉంచకండి.

మాకు జీఎస్టీ నంబర్ ఉంది. వైజాగ్‌లో కొంటే క్రెడిట్ వస్తుందా?

ఇక్కడ మన సరిహద్దు వాళ్ళు ఎక్కువ పోగొట్టుకుంటున్నారు. లెన్స్ మీద జీఎస్టీ 18 శాతం. 1,60,000 ధరలో పన్ను భాగమే సుమారు 24,400. ఒడిశా రిజిస్ట్రేషన్ ఉన్న స్టూడియో, ఆ లెన్స్‌ని వ్యాపారానికి వాడితే, దాన్ని క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునేలా) తీసుకోవచ్చు. కానీ విశాఖ షాపులో కౌంటర్ దగ్గర కొని, బిల్లు మీద సీజీఎస్టీ, ఆంధ్రా ఎస్‌జీఎస్టీ వేయించుకుంటే ఆ క్రెడిట్ మీ ఒడిశా నంబరుకి రాదు. బిల్లు మీద ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకి వేసే జీఎస్టీ) ఉండాలి, మీ స్టూడియో పేరు, 21తో మొదలయ్యే మీ జీఎస్టీ నంబరు ఉండాలి. షాపువాళ్ళే బరంపురం అడ్రసుకి పంపేలా బిల్లు చేయించుకుంటే గొడవ ఉండదు. బిల్లు కొట్టాక మార్చమంటే ఎవరికీ ఇష్టం ఉండదు, కాబట్టి డబ్బు కట్టే ముందే మీ ఆడిటర్‌ని ఫోన్లో షాపువాళ్ళతో మాట్లాడించండి.

మా బావ దుబాయ్ నుంచి వస్తున్నాడు. తెమ్మననా?

మన గంజాం, శ్రీకాకుళం ఇళ్ళల్లో గల్ఫ్‌లో ఒకరైనా ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ధర అక్కడ కొంత తక్కువ ఉండొచ్చు. కానీ ఈ లెన్స్ విలువ డ్యూటీ లేకుండా తేగల పరిమితి కంటే చాలా ఎక్కువ. ఎయిర్‌పోర్టులో చెప్పి డ్యూటీ కట్టాలి. అది కట్టాక తేడా ఏమంత మిగలదు. చెప్పకుండా తెమ్మని బావని ఇరకాటంలో పెట్టకండి. ఆయన రెండేళ్ళకోసారి ఇంటికి వచ్చే మనిషి, కస్టమ్స్ కౌంటర్ దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు. పైగా అక్కడ కొన్న లెన్స్‌కి ఇక్కడ వారంటీ చెల్లుతుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ముందు ఆ కంపెనీ ఇండియా కార్యాలయాన్నే అడగండి.

ఇదే తీరు లెన్సులు దిగుమతిదారు లేకుండా దేశంలో కూడా అమ్ముతుంటారు. గుర్తుపట్టడం తేలిక. సక్రమంగా వచ్చిన డబ్బా మీద ఇండియాలో దిగుమతి చేసుకున్న సంస్థ పేరు, అడ్రసు, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది లేకపోతే అడగాల్సింది ఇంకేమీ లేదు.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, నేను వాడుతున్నదీ సెకండ్ హ్యాండే. కానీ దానికి ముందు ఒకటి పోగొట్టుకున్నాను. అది చెప్తాను.

ఒక షాపులో వాడిన 150-600 చూశాను. పైకి గీత లేదు, రబ్బరు కొత్తగా ఉంది, రెండు ఫోటోలు తీస్తే బాగానే వచ్చాయి. సాయంత్రం రైలు టైం అయిపోతోంది, 58,000 ఇచ్చి తెచ్చేశాను. పది రోజుల తర్వాత కరెంటు పోయిన రాత్రి, ఫోన్ టార్చ్ వెలుతురులో లెన్స్ తుడుస్తుంటే లోపలి అద్దం అంచున ఏదో మెరిసింది. టార్చ్ వెనక మౌంట్ (కెమెరాకి బిగించే చోటు) వైపు నుంచి పెట్టి, ముందు నుంచి వంచి చూశాను. సాలెపురుగు గూడు కట్టినట్టు సన్నని తెల్లటి పోగులు, ఒక మూల నుంచి లోపలికి పాకుతూ ఉన్నాయి. ఫంగస్. షాపువాళ్ళు "మీ దగ్గర వచ్చిందేమో" అన్నారు. నా దగ్గర రుజువు లేదు. విప్పి శుభ్రం చేయడానికి 9,000 అయింది, అయినా ఆ మూల మచ్చ పూర్తిగా పోలేదు.

అప్పటినుంచి నేను చేసేది ఇది. సంచిలో చిన్న టార్చ్ ఉంటుంది. అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి వెలుతురు వేసి, నాలుగు వైపులా వంచి చూస్తాను. రెండు ధూళి కణాలు ఉంటే ఏమీ కాదు, పోగులు ఉంటే వదిలేయాలి. మౌంట్ దగ్గర స్క్రూల గాడి చెరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. జూమ్ రింగ్ తిప్పుతుంటే కరకర వినిపిస్తే ఇసుక. మన సముద్రపొడ్డున వాడిన లెన్సుల్లో ఇది చాలా మామూలు. లెన్స్ కిందికి వంచితే తనంతట తనే సాగిపోతుందా చూడండి, కొంచెం సాగితే పర్లేదు. స్టెబిలైజర్ (చేతి వణుకు తగ్గించేది) వేసి, సెకనులో 1/100 షటర్ వేగంతో చేత్తో పది ఫోటోలు తీయండి. వాటిలో సగమైనా నిలకడగా రావాలి. పాత బిల్లు అడగండి. బిల్లు లేని లెన్స్ ఎంత చవకైనా ముట్టుకోను, అది ఎవరి ఇంట్లోంచి పోయిందో మనకి తెలియదు. రైలు టైం అయిపోతున్నప్పుడు మాత్రం కొనకండి. తర్వాతి రైలు ఉంటుంది.

కొన్నాక లెన్స్ బాగుందో లేదో ఇంట్లో ఎలా చూసుకోవాలి?

ఇంట్లో గోడకి వేలాడే తెలుగు కేలండర్ చాలు. తిథులు, నక్షత్రాలు చిన్న అక్షరాలతో అన్ని మూలలా ఉంటాయి కదా, అదే మన టెస్ట్ చార్ట్. కేలండర్ గోడకి అంటుకునేలా నాలుగు మూలలా టేపు వేయండి. 600 దగ్గర అది ఫ్రేము నిండాలంటే సుమారు 25, 30 అడుగులు వెనక్కి వెళ్ళాలి, అందుకని వరండాలోనో మేడమీదో పెట్టండి. ట్రైపాడ్, స్టెబిలైజర్ ఆఫ్, రెండు సెకన్ల టైమర్, అపెర్చర్ పూర్తిగా తెరిచి. ఆ ఫోటోలో నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. మధ్య కంటే మూలలు కొంచెం మెత్తగా ఉండడం సహజం. కానీ కుడివైపు తిథి చదవగలిగి ఎడమవైపు చదవలేకపోతే లోపల అద్దం పక్కకి జరిగిందన్నమాట. కెమెరాని తలకిందులు చేసి మళ్ళీ తీయండి. మసక కేలండర్‌లో అవతలి వైపుకి మారితే తప్పు లెన్స్‌ది, మారకపోతే మీరు కేలండర్‌కి సూటిగా నిలబడలేదు. లెన్స్‌దే తప్పయితే వాపసు గడువు లోపలే పంపేయండి.

చిలికాలో ఫోటోలు మెత్తగా వస్తున్నాయి, లెన్స్ చెడిపోయిందా అని అడుగుతారు. అవి ఎన్ని గంటలకి తీశారని నేను తిరిగి అడుగుతాను. పది గంటలకంటారు. ఎండెక్కాక నీళ్ళ మీద గాలి ఆవిరిలా కదులుతుంది, దూరంగా ఉన్న పక్షి దానివెనక వణుకుతుంది. పదిహేను లక్షల లెన్స్ అయినా దాన్ని దాటి చూడలేదు. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య అదే పక్షిని తీసి చూడండి.

అద్దెకి తీసుకుని చూడొచ్చా?

తప్పకుండా. పెద్ద ఊళ్ళలో అద్దెకి దొరుకుతాయి, ఆధార్, డిపాజిట్ అడుగుతారు. మొదటిసారి కొనేవాళ్ళు ఒక జనవరి శని, ఆదివారాలు అద్దె లెన్స్‌తో గడిపి, ఆ ఏడు దసరాకి కొనడం నాకు తెలిసిన మంచి దారి. పక్షులు తీయడం మీకు నిజంగా ఇష్టమా, చలిలో మూడింటికి లేవగలరా అన్నది కూడా ఆ రెండు రోజుల్లో తేలుతుంది.

కొత్త మోడల్ వస్తుందంటున్నారు, ఆగాలా?

ఆగొద్దు. సోనీ 200-600 2019లో వచ్చింది, ఇప్పటికీ జనం కొంటూనే ఉన్నారు. లెన్సులు ఫోన్లలా ఏడాదికొకటి మారవు.

ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కోసం కొంటున్నా...

వాటికోసం కొనకండి. అవి గుంపుగా గుడ్లు పెట్టేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో, అదీ రాత్రివేళ. టార్చ్, ఫ్లాష్ వాటిని చెదరగొడతాయి. అటవీశాఖ వాళ్ళు చెప్పినంత దూరంలో ఉండి, తెల్లవారాక వెలుతురులో మామూలు లెన్స్‌తో తీసుకోండి.

మన తేమలో లెన్స్ ఎలా కాపాడుకోవాలి?

పాత ఊరగాయ డబ్బాల్లాంటి గట్టి మూత ప్లాస్టిక్ డబ్బా, అడుగున సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు. తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే సన్నని వేడిమీద ఆరబెట్టి మళ్ళీ వేయండి. డబ్బుంటే కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ ఇంకా మంచిది. లెన్స్‌తో వచ్చిన బట్ట సంచిలో పెట్టి బీరువాలో పడేయడమే అన్నిటికంటే చెడ్డది. గోపాల్‌పూర్ నుంచి రాగానే తడిపి బాగా పిండిన మెత్తటి బట్టతో లెన్స్ బయట అంతా తుడవండి, ఉప్పు ఎండితే రింగుల్లోకి దిగుతుంది.

ఇంట్లో ఏం చెప్పాలి?

ఉన్న ధర చెప్పండి. సగం ధర చెప్పి ఒప్పించినవాళ్ళు నాకు తెలుసు. తర్వాత లెన్స్‌కి ఇన్సూరెన్స్ చేయించాల్సి వస్తే బిల్లు ఇంట్లో వాళ్ళ కంటపడకుండా దాచాల్సి వచ్చింది, ఇన్సూరెన్స్ మానేశారు. మీ ఆవిడని ఒకసారి మంగళాజోడి పడవలో తీసుకెళ్ళండి. మా ఆవిడ నత్తగుల్ల కొంగ నత్తని గుల్లలోంచి లాగడం వ్యూఫైండర్‌లో చూసిన రోజునుంచి ధర గురించి మళ్ళీ అడగలేదు, "పోయిన ఆదివారం ఎందుకు వెళ్ళలేదు?" అని అడుగుతుంది.

మూఢం ఉంటే కొనకూడదంటున్నారు మా అమ్మ. సేల్ అప్పుడే ఉంది.

పెద్దవాళ్ళ మాట కాదనక్కర్లేదు. ముందే మంచిరోజు చూసి పదకొండు వేలు అడ్వాన్సు కట్టి, ధర రాయించుకుంటే షాపువాళ్ళు చాలామంది ఒప్పుకుంటారు. మా అమ్మ అయితే లెన్స్ దేవుడి దగ్గర పెట్టకుండా బయటికి తియ్యనివ్వదు. పెట్టండి, తప్పేం లేదు. కుంకుమ బొట్టు మాత్రం లెన్స్ మీద కాకుండా డబ్బా మీద పెట్టమనండి. ఆ పొడి ఫోకస్ రింగులోకి దిగితే తీయడం చాలా కష్టం.